నీళ్ళ లెక్క, ఆక్సిజన్ జాగ్రత్త: ఇంటి దగ్గర రోగి సేవలో రెండు పాఠాలు

రోగిని పరామర్శించడం ఒక ముస్లింపై మరో ముస్లింకు ఉన్న హక్కుల్లో ఒకటని మనందరికీ తెలుసు. పరామర్శించి వచ్చేయడం కాసేపటి పని. పగలూ రాత్రీ పక్కన ఉండి సేవ చేయడం వేరు. మదీనాలో గుడారం వేసి గాయపడినవారికి సేవ చేసిన సహాబియా రుఫైదా అల్ అస్లమియ్యా (రజి) పేరు మనం మరిచిపోకూడదు. ఖందక్ యుద్ధంలో గాయపడిన సఅద్ బిన్ ముఆజ్ (రజి)ను దైవప్రవక్త (స) ఆమె గుడారంలోనే ఉంచమన్నారు. రోగి సేవ తెలిసినవారి చేతుల్లో ఉండాలన్నది ఆ నిర్ణయంలోని సారం. ఆ తెలివిడి నేర్చుకుంటే ఎవరికైనా వస్తుంది.

ఈ రోజుల్లో గుండె బలహీనపడినవారు, ఊపిరితిత్తుల జబ్బువారు, కిడ్నీలు దెబ్బతిన్నవారు కాకినాడ, రాజమహేంద్రవరం, అమలాపురం ఆసుపత్రుల్లో కొన్నాళ్ళుండి ఇంటికి వచ్చేస్తున్నారు. డిశ్చార్జి కాగితంలో మందుల కింద రెండు చిన్న వాక్యాలుంటాయి. ఒకటి: “ద్రవాలు రోజుకు 1200 మి.లీ. మించరాదు.” రెండు: “ఆక్సిజన్ నిమిషానికి 2 లీటర్లు.” మాత్రలు మాత్రం ఎవరూ మరిచిపోరు. ఈ రెండు వాక్యాలే ఇంటికొచ్చిన వారం రోజుల్లో మరుగున పడిపోతాయి. రోగి మళ్ళీ అంబులెన్సు ఎక్కడానికి చాలాసార్లు అదే కారణం. అందుకే ఈ సంచికలో ఆ రెండింటినీ పాఠంగా చెబుతున్నాం. ఇది డాక్టరు మాటకు బదులు కాదు, డాక్టరు మాటను ఇంట్లో అమలు చేసే పద్ధతి.

మొదటి పాఠం: నీళ్ళ లెక్క

పెద్దవారి శరీర బరువులో సగానికి పైగా నీరే. 60 కిలోల మగమనిషిలో సుమారు 36 లీటర్లుంటుంది. వచ్చే నీరు, పోయే నీరు సమానంగా ఉన్నంతకాలం మనకు ఏమీ తెలియదు. కోనసీమ రైతుకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. పంట కాలువ ఎంత ముఖ్యమో మురుగు కాలువ అంత ముఖ్యం. మురుగు కాలువ పూడితే మంచి నీరే చేనును ముంచుతుంది. గుండె సరిగా పంపు చేయకపోయినా, కిడ్నీలు సరిగా వడకట్టకపోయినా శరీరంలో జరిగేది అదే. ముందు పాదాలు వాస్తాయి, తరువాత పొట్ట ఉబ్బుతుంది, చివరకు ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఆయాసం వస్తుంది.

లోపలికి వెళ్ళేవి: “నీళ్ళు ఎంత తాగారు?” అని అడిగితే ఇంట్లోవారు మంచినీళ్ళే చెబుతారు. లెక్కలో మాత్రం ద్రవంగా ఉన్న ప్రతిదీ వస్తుంది. టీ, కాఫీ, పాలు, మజ్జిగ, గంజి, జావ, చారు, షోర్వా, షర్బత్, బోండాం నీళ్ళు, మాత్ర మింగడానికి తాగిన గుక్క, హజ్ నుంచి వచ్చినవారు ఇచ్చిన జమ్‌జమ్ నీరు, అన్నీ రాయాలి. ఐసు ముక్కలు కరిగితే ఎంత నీరవుతుందో అంత రాయాలి. గ్లాసు నిండా ముక్కలుంటే సుమారు అర గ్లాసు. వుజూలో పుక్కిలించి ఊసేసిన నీరు లెక్కలోకి రాదు, మింగినది వస్తుంది.

ముందుగా చేయాల్సిన పని ఇంట్లోని పాత్రలను కొలవడం. మి.లీ. గీతలున్న ఒక కొలపాత్ర కొనండి. రోగి వాడే స్టీలు గ్లాసు, టీ కప్పు, గంజి గిన్నె నింపి ఒక్కొక్కటి ఎంత పడుతుందో చూసి పుస్తకం మొదటి పేజీలో రాయండి. ఒకే ఇంట్లో రెండు స్టీలు గ్లాసుల మధ్య 100 మి.లీ. తేడా ఉంటుంది. ఆ తరువాత రోగికి ఎప్పుడూ అవే పాత్రలు వాడండి.

బయటికి పోయేవి: మూత్రం, వాంతి, నీళ్ళ విరేచనం, ఆపరేషన్ గొట్టం ఉంటే దాని సంచిలో చేరినది. నడవగలిగిన రోగికి మూత్రం కోసం గీతలున్న డబ్బా ఒకటి బాత్‌రూములో విడిగా ఉంచండి. యూరిన్ బ్యాగ్ ఉన్నవారికి రోజూ ఒకే వేళల్లో ఖాళీ చేసి కొలవండి. డైపర్ వాడేవారికి పొడి డైపర్ బరువు, తడి డైపర్ బరువు చూడండి. పెరిగిన ప్రతి గ్రామును ఒక మి.లీ. అనుకోవచ్చు. మూత్రం కొలిచేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, తరువాత సబ్బుతో చేతులు కడుక్కోండి.

మూత్రం ఎంత రావాలి? పెద్దవారికి కిలో బరువుకు గంటకు అర మి.లీ. కనీసం అని నర్సులు గుర్తుంచుకుంటారు. 60 కిలోల మనిషికి గంటకు 30, రోజుకు 720 మి.లీ. రోజంతా 400 మి.లీ. కన్నా తగ్గితే అదే రోజు డాక్టరుకు చెప్పాలి. డయాలిసిస్ చేయించుకునేవారికి ఈ కొలత వర్తించదు. వారిలో చాలామందికి ముందు రోజు వచ్చిన మూత్రానికి 500 మి.లీ. కలిపి, అంతవరకే తాగమని డాక్టర్లు చెబుతారు.

బరువు: చెమటగానూ, శ్వాసగానూ పోయే నీటిని కొలవలేం. మన తీరంలో వేసవి ఉక్కకు అది ఇంకా ఎక్కువ. అన్నంలో, పండ్లలో దాగి ఉన్న నీటినీ కొలవలేం. ఆ లోటును తీర్చేది తూకం. రోజూ పొద్దున్నే, మూత్రానికి వెళ్ళివచ్చాక, ఏమీ తినకముందు, ఒకే తూకం మిషన్ మీద, ఒకేలాంటి పలుచని బట్టలతో బరువు చూడాలి. ఒక్క రాత్రిలో కండ గాని కొవ్వు గాని కిలో పెరగదు. పెరిగిన కిలో అంటే నిలిచిన లీటరు నీరు. గుండె రోగికి ఒక్క రోజులో కిలోకు మించి, లేదా 3 రోజుల్లో 2 కిలోలు పెరిగితే ఆయాసం వచ్చేదాకా ఆగకుండా డాక్టరుకు ఫోను చేయాలి.

వాపు: ముంగాలు ఎముక మీద బొటనవేలితో 10 సెకన్లు నొక్కి వదలండి. గుంట పడి నెమ్మదిగా నిండితే అది నీటి వాపు. మంచం పట్టినవారికి నీరు పాదాల్లో కన్నా నడుము కింది భాగంలో చేరుతుంది, అక్కడ చూడాలి.

ఒక రోజు లెక్క

గుండె బలహీనమై, రోజుకు 1200 మి.లీ. హద్దు పెట్టిన రోగి ఒకరిని ఊహించుకుందాం. “అర లీటరు నీళ్ళే తాగుతున్నారండీ, అయినా వాపు తగ్గడం లేదు” అని ఇంట్లోవారి బాధ. పుస్తకంలో రాస్తే ఇలా తేలింది:

పొద్దున్న టీ 100
మాత్రలతో నీళ్ళు 100
పరామర్శకు వచ్చినవారు తెచ్చిన బోండాం 300
మధ్యాహ్నం చారు, మజ్జిగ కలిపి 200
రోజంతా మంచినీళ్ళు 450
సాయంత్రం గంజి 200
అసర్ తరువాత టీ 100
రాత్రి పాలు 150
మొత్తం లోపలికి: 1600 మి.లీ.
మొత్తం మూత్రం: 800 మి.లీ.
తేడా: 800 మి.లీ. ఎక్కువ

ఇంట్లోవారు అబద్ధం చెప్పలేదు. మంచినీళ్ళు 550 మి.లీ. మాత్రమే. మిగతా 1050 ఎవరూ నీళ్ళుగా లెక్కపెట్టలేదు. ఆ 800 తేడాలో కొంత చెమటగా పోతుంది, ఎంత నిలిచిందో రేపటి తూకం చెబుతుంది. ఇలాంటి రోజులు నాలుగు గడిస్తే పాదాల మీద చెప్పుల గుర్తు పడుతుంది.

హద్దును రోజంతటికీ పంచడం ఒక ఉపాయం. పొద్దున్నే 1200 మి.లీ. నీళ్ళు ఒక సీసాలో పోసి పెట్టండి. రోగి ఏ ద్రవం తీసుకున్నా అంత నీటిని ఆ సీసాలోంచి వంపేయండి. సీసాలో మిగిలినదే ఆ రోజుకు మిగిలిన వాటా. చదువు రాని దాదీకి కూడా ఈ లెక్క కళ్ళకు కనిపిస్తుంది. దాహం వేస్తే నోరు పుక్కిలించడం, చిన్న ఐసు ముక్క, నిమ్మ బద్ద చప్పరించడం కొంత ఊరటనిస్తాయి. ఉప్పు తగ్గితేనే దాహం తగ్గుతుంది. ఆవకాయ, ఉప్పు చేప, అప్పడాలు పళ్ళెంలో ఉన్నంతకాలం నీళ్ళు ఆపడం ఎవరి తరమూ కాదు.

బోండాం విషయంలో ఒక మాట

మన సీమలో రోగిని చూడడానికి వెళితే చేతిలో బోండాం ఉండాల్సిందే. అది ప్రేమ. ఆ ప్రేమ కిడ్నీ రోగికి ప్రమాదం కావచ్చు. 100 మి.లీ. కొబ్బరి నీళ్ళలో సుమారు 250 మి.గ్రా. పొటాషియం ఉంటుంది. 300 మి.లీ. బోండాంలో 750. కిడ్నీ జబ్బు ముదిరినవారికి డాక్టర్లు రోజు మొత్తానికి పెట్టే హద్దు తరచుగా 2000 చుట్టుపక్కల ఉంటుంది. పొటాషియం బయటికి పోక రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది, ముందుగా నొప్పి కూడా లేకుండా ఆగిపోవచ్చు. అరటిపండు, ఖర్జూరం కూడా ఇదే కోవలోవి. కొన్ని బీపీ, గుండె మందులు కూడా పొటాషియాన్ని పెంచుతాయి. కాబట్టి పరామర్శకు వెళ్ళేవారు ముందు ఇంట్లోవారిని అడిగి తీసుకెళ్ళండి. ఇంట్లోవారు మొహమాటపడకుండా “డాక్టరు వద్దన్నారు” అని చెప్పండి.

నీరు తగ్గినా ప్రమాదమే

తాగడం తగ్గించడమే ఈ పాఠం సారం అనుకోవద్దు. వాంతులు, విరేచనాలు, జ్వరం ఉన్నప్పుడు లెక్క తిరగబడుతుంది. నాలుక ఎండడం, మూత్రం ముదురు రంగులో కొద్దిగా రావడం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం, ముసలివారు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడడం నీరు తగ్గిన గుర్తులు. 1971లో బంగ్లాదేశ్ నుంచి వచ్చిన శరణార్థుల మధ్య బొంగావ్ శిబిరంలో కలరా ప్రబలినప్పుడు, సెలైన్ సీసాలు చాలక, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, చక్కెర కలిపిన ద్రావణాన్ని డ్రమ్ముల్లో కలిపించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. మరణాలు ఎంతగానో తగ్గాయి. అక్కడ ప్రాణాలు నిలబెట్టింది చాలావరకు ఇంటి మనుషుల చేతులే. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు మొత్తం ఒకేసారి, దాని మీద రాసినన్ని నీళ్ళలో, సాధారణంగా లీటరులో కలపాలి. కొంచెం పొడి, కొంచెం నీళ్ళు పనికిరాదు. 24 గంటలు దాటితే పారబోయాలి. గుండె, కిడ్నీ రోగులకు ఎంత ఇవ్వాలో డాక్టరునడిగి ఇవ్వండి.

రంజాన్ గురించి కూడా చెప్పాలి. రోగికి ఉపవాసం నుంచి మినహాయింపును అల్లాహ్ యే సూరా అల్ బఖరాలో ఇచ్చాడు. నీళ్ళ హద్దు ఉన్నవారు రోజంతా ఆగి, ఇఫ్తార్ వేళ గంటలో లీటరు షర్బత్ తాగితే గుండె తట్టుకోలేదు. నీరు పోవడానికి ఇచ్చిన మాత్ర వేళలు సొంతంగా మార్చకూడదు. రంజాన్‌కు నెల ముందే డాక్టరునూ, ఆలిమ్ గారినీ ఇద్దరినీ అడగండి.

రెండో పాఠం: ఇంట్లో ఆక్సిజన్

గ్యాసు అంటే ఏమిటో ఈ సీమకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో పైపులైను గ్యాసు అంటుకుని 20 మందికి పైగా మరణించారు. అందుకే ఆక్సిజన్ సిలిండరు ఇంటికి రాగానే కొందరు పేలుతుందని భయపడతారు. మరికొందరు “ఇది వంట గ్యాసు కాదు కదా, అంటుకోదు” అని ధీమాగా ఉంటారు. రెండో వారికే ఎక్కువ ప్రమాదం.

ఆక్సిజన్ తనంతట తాను మండదు, మండేదాన్ని ఉధృతంగా మండిస్తుంది. మామూలు గాలిలో అది 21 శాతం. రోగి చుట్టూ ఆ శాతం పెరిగితే దుప్పటి, తలగడ, గడ్డం, జుట్టు, అన్నీ ఎండు కొబ్బరాకుల్లా అంటుకుంటాయి. దానికి రంగు లేదు, వాసన లేదు, కారినా తెలియదు. 2021 ఏప్రిల్ 24 రాత్రి బాగ్దాద్‌లోని ఇబ్న్ అల్ ఖతీబ్ ఆసుపత్రి కోవిడ్ విభాగంలో ఆక్సిజన్ సిలిండర్ల దగ్గర మొదలైన మంటల్లో 80 మందికి పైగా చనిపోయారు.

ఇంట్లో పాటించాల్సినవి:

1. రోగి నుంచి, సిలిండరు నుంచి కనీసం 10 అడుగుల దూరం దాకా ఏ నిప్పూ ఉండకూడదు. బీడీ, సిగరెట్టు, చుట్ట ఆ గదిలోనే కాదు, ఆ ఇంట్లోనే వద్దు.

2. మన ఇళ్ళలో మరిచిపోయే నిప్పులు వేరే ఉన్నాయి. గురువారం సాయంత్రం వేసే సాంబ్రాణి, ఊదు, అగరుబత్తి, దోమల చుట్ట, కరెంటు పోతే వెలిగించే కొవ్వొత్తి, చిటపటమనే దోమల బ్యాటు. ఇవేవీ ఆ గదిలోకి రాకూడదు. దోమతెర, టార్చిలైటు వాడండి.

3. ఆక్సిజన్ పెట్టుకుని వంటగదిలోకి వెళ్ళకూడదు. తీసేసిన వెంటనే కూడా పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదు. బట్టల్లో, జుట్టులో ఆక్సిజన్ నిలిచి ఉంటుంది. కిటికీలు తెరిచి అరగంట ఆగాలి.

4. నూనె, ఆక్సిజన్ పడవు. ముక్కు ఎండిపోతోందని కొబ్బరి నూనె గాని వాజెలిన్ గాని రాయకూడదు. నీటితో చేసిన జెల్ మందుల షాపులో అడగండి. తలకు నూనె రాసిన చేతులతో సిలిండరు వాల్వు, రెగ్యులేటరు ముట్టుకోకూడదు. అధిక ఒత్తిడి ఆక్సిజన్‌కు జిడ్డు తగిలితే నిప్పు లేకుండానే అంటుకోగలదు. అత్తరు, స్ప్రే, స్పిరిటు ఉన్న శానిటైజరు గొట్టం దగ్గర వాడవద్దు.

5. సిలిండరు నిలువుగా, గొలుసుతో గాని తాడుతో గాని గోడకో మంచం కోడుకో కట్టి, ఎండ తగలని, గాలి ఆడే చోట ఉంచాలి. పడి వాల్వు విరిగితే అది ఇంట్లో దూసుకుపోయే ఇనుప దుంగ అవుతుంది.

6. కాన్సన్‌ట్రేటర్ మిషన్‌ను గోడకూ, తెరలకూ జానెడు దూరంలో పెట్టాలి. దాని వడపోత స్పాంజిని వారానికోసారి కడిగి, ఆరబెట్టి పెట్టాలి. హ్యుమిడిఫయర్ సీసాలో మన బోరు ఉప్పునీరు పోయవద్దు. డిస్టిల్డ్ వాటరు, లేదా కాచి చల్లార్చిన మంచినీరు రోజూ మార్చి పోయండి.

7. గొట్టంలోంచి ఆక్సిజన్ వస్తోందా అని అనుమానం వస్తే, ముక్కులో పెట్టే కొసలను గ్లాసు నీటిలో ముంచి చూడండి. బుడగలు వస్తే వస్తోంది. రాకపోతే గొట్టం మడతపడిందేమో, మంచం కోడు కింద నలిగిందేమో, సీసా మూత వదులుగా ఉందేమో చూడండి.

కరెంటు పోతే, వరద వస్తే

1996 నవంబరు 6 తుపాను నాటి చీకటి రాత్రులు మన పెద్దలకు గుర్తే. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చినప్పుడు లంక గ్రామాలకు పడవే దారి. మిషన్ మీద ఆధారపడిన రోగి ఉన్న ఇల్లు వర్షాకాలానికి ముందే లెక్క వేసుకోవాలి.

నిమిషానికి 5 లీటర్లిచ్చే మిషన్ సుమారు 350 వాట్లు లాగుతుంది, అంటే రోజంతా నడిస్తే 8 యూనిట్లకు పైగా. మామూలు ఇంటి ఇన్వర్టరు దాన్ని మూడు నాలుగు గంటలకు మించి మోయలేదు. అందుకే పక్కన నిండు సిలిండరు ఉండాలి. మన దగ్గర ఎక్కువగా దొరికే బి టైపు సిలిండరులో సుమారు 1500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 2 లీటర్ల చొప్పున 750 నిమిషాలు, అంటే పన్నెండున్నర గంటలు. మీటరు ముల్లు సగంలో ఉంటే అందులో సగం. పెద్ద డి టైపులో సుమారు 7000 లీటర్లు, అదే వేగంతో 58 గంటలు. ముల్లు పావు దగ్గరికి రాకముందే మరొకటి తెప్పించుకోవాలి. విద్యుత్ ఫిర్యాదు నంబరు 1912, అంబులెన్సు 108 గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి. వరద హెచ్చరిక వినగానే లంకల్లోని రోగిని ముందే గట్టుకు చేర్చండి. నీరు ఊరిని చుట్టుముట్టాక సిలిండరుతో, మనిషితో పడవ ఎక్కడం కష్టం.

రెండు పాఠాలు కలిసే చోటు

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంటుందంటే ఇది గుర్తుంచుకోండి. ఆక్సిజన్ శాతం తగ్గిందని ఫ్లో మీటరు తిప్పే ముందు నీళ్ళ పుస్తకం తెరవండి.

మేము ఎక్కువగా చూసేది ఇదే. రోగికి ఆయాసం పెరుగుతుంది. వేలికి పెట్టే ఆక్సిమీటరులో 93 ఉండేది 89 అవుతుంది. ఇంట్లోవారు 2 లీటర్లను 4 చేస్తారు. అంకె పెరుగుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఊపిరితిత్తుల్లో చేరుతున్న నీరు మాత్రం చేరుతూనే ఉంటుంది. రెండో రోజు రాత్రికి ఏ లీటర్లూ చాలవు. ఆ మొదటి రోజే పుస్తకం చూసి ఉంటే మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినట్టు, మూత్రం తగ్గినట్టు, పడుకోవడానికి రెండు తలగడలు మూడయినట్టు కనిపించేది. డాక్టరు నీటి మాత్ర మార్చి సరిచేయగలిగే రోజు అదే.

లీటర్లు సొంతంగా పెంచడంలో ఇంకో ప్రమాదం ఉంది. ఏళ్ళ తరబడి పొగతోనో దుమ్ముతోనో ఊపిరితిత్తులు దెబ్బతిన్న కొందరికి ఆక్సిజన్ ఎక్కువైతే లోపల బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది. అలాంటివారికి డాక్టర్లు సాధారణంగా 88 నుంచి 92 మధ్య చాలంటారు. పొద్దున్నే తలనొప్పి, మత్తుగా పడి ఉండడం దాని గుర్తులు. మీ రోగికి ఏ అంకె సరైనదో డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. గోరింటాకు, గోళ్ళరంగు లేని, చల్లబడని వేలికి పెట్టి, అంకె నిలకడగా నిలిచాకే రాయండి.

వెంటనే 108 పిలవాల్సిన గుర్తులు: వాక్యం పూర్తిచేయలేనంత ఆయాసం, పెదవులు నీలిరంగు తిరగడం, నురగతో దగ్గు, గుండె నొప్పి, పిలిస్తే సరిగా పలకకపోవడం, ఆక్సిజన్ ఉన్నా డాక్టరు చెప్పిన అంకెకు దిగువనే ఉండిపోవడం. అంబులెన్సు వచ్చేదాకా రోగిని పడుకోబెట్టకుండా కూర్చోబెట్టండి. పుస్తకం వెంట పంపండి.

ఆ పుస్తకానికి పెద్ద ఖర్చేమీ లేదు. స్కూలు పిల్లల రూళ్ళ నోటు పుస్తకం చాలు. పేజీకి ఒక రోజు. తేదీ, బరువు, లోపలికి, బయటికి, ఆక్సిజన్ లీటర్లు, ఆక్సిమీటరు అంకె, వాపు ఉందా లేదా. ఇంట్లో చదువుకుంటున్న అమ్మాయికో అబ్బాయికో ఆ బాధ్యత ఇవ్వండి. ఫజర్ తరువాత తూకం, ఇషా తరువాత మొత్తం కూడడం అలవాటు చేస్తే ఎవరికీ భారం కాదు. పది నిమిషాల పనే.

ఆరోగ్యం అల్లాహ్ మనకప్పగించిన అమానత్. షిఫా ఇచ్చేవాడు ఆయనే. కొలవడం, రాయడం, నిప్పును దూరంగా ఉంచడం మన చేతిలో ఉన్న పని. మన ఇళ్ళలో మంచాన ఉన్న ప్రతి రోగికీ అల్లాహ్ సంపూర్ణ స్వస్థత ప్రసాదించాలని, వారికి సేవ చేస్తున్న ప్రతి చేతికీ ప్రతిఫలమివ్వాలని దువా చేస్తున్నాం. ఆమీన్.